తొమ్మిది ట్యాబులు, ఆరు షామియానాలు

“అయ్యయ్యో... యాదన్న పోయిండే! సుశీల బతుకు ఆగమాయెనే!”

గల్లీ చివరికెల్లి కేక. మనిషి కనిపిస్తలేదు గని గొంతు గుర్తుపట్టిన. మా పక్కింటి నర్సవ్వ. ఆమె ఉప్పల్ చౌరస్తాల నిలబడి పిలిస్తే నాచారంల బస్సు ఆగుతది, గసువంటి గొంతు.

నాకు ముందుగాల జాలేసింది. పాపం, ఎవరో యాదన్నంట, ఎట్లాంటోడో ఏమో అనుకున్న. జర సేపైనంక వెలిగింది. మా గల్లీల యాదన్న ఒక్కడే. ఆ ఒక్కడు నేనే!

ఇంకో తమాషా సూడున్రి. నేను సచ్చిన్నో బతికిన్నో లేచి చూసుకునేటందుకు లేదు. కండ్లకు తెల్ల తువ్వాల కట్టి ఉన్నది. కుర్చీలకెల్లి లేవొద్దు, నోరు మెదపొద్దు అని ఆర్డర్. లేస్తే మా కల్పన నౌకరి పోతది.

నవ్వకున్రి. మొన్న శనివారం ముచ్చట ఇది. చాయ్ తాగుకుంట వినున్రి, మొదటికెల్లి చెప్త.

కల్పన మా అక్క బిడ్డ. పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు అంధుల బడికి నా బస్సుల్నే పోయేది. నేను ఉప్పల్ డిపోల కండక్టర్ని గద, ఈ మధ్యనే రిటైరైన. నేను చదివింది పదో తరగతే, అది గూడ రెండోసారికి గట్టెక్కింది. గా పిల్ల డ్రైవర్ వెనక సీట్ల కూసోని బస్సు ఆగినప్పుడల్లా “మామా, ఎక్కడున్నం?” అని అడిగేది. నేను బస్సంత వినపడేటట్టు “తార్నాక!” అని అరిచేటోన్ని. గట్ల స్టాపులు నేర్చుకున్నది. పెద్దగైనంక భువనగిరిల టెలిఫోన్ బూత్ పెట్టించినం. అందరి జేబులల్లకు సెల్ ఫోన్లు వచ్చినయ్, ఇగ బూత్‌ల ఫోన్ చేసేటందుకు ఈగలు గూడ రాలేదు. పట్టుదల గల్ల పిల్ల. కంప్యూటర్ నేర్చుకొని, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక చిన్న ఆఫీసుల టెంపరరీగ చేరింది. ఏడాది సంది మా ఇంట్లనే ఉంటున్నది.

ఆమె చేసే పని ఏందో నాకు ఆర్నెల్లకు అర్థమైంది. మీకు ఆరు ముక్కలల్ల చెప్త. మనం ఇంటర్నెట్ చూడాల్నంటే మౌసు పట్టుకొని తెర మీద బాణాన్ని ఉరికిస్తం. కండ్లు లేనోళ్ళకు ఆ బాణం ఏడున్నదో ఎట్ల తెలుస్తది? గందుకే మౌసు లేకుంట, ఉత్త కీబోర్డు తోటే పేజీ అంత తిరగాలె. ఏ బటన్ కొడితే ఏడికి పోవాలె, ఆడ కంప్యూటర్ చెవుల ఏం చెప్పాలె, ఇదంత బ్రౌజర్‌కు నేర్పుడే ఆమె పని.

“మామా, ట్యాబ్ బటన్ అంటే ఆర్డినరీ బస్సు. ప్రతి లింకు కాడ ఆగుతది. హెచ్ బటన్ అంటే ఎక్స్‌ప్రెస్. పెద్ద హెడింగుల కాడనే ఆగుతది” అని చెప్పింది.

“గిది నేను ఎప్పుడో కనిపెట్టిన గద బిడ్డా!” అన్న నేను.

ఇంకొకటి గూడ పెట్టింది. పైన ఎఫ్ టూ బటన్ కొడితే, నువ్వు ఏ పేజీల ఉన్నవ్, ఏ లింకు మీద ఉన్నవ్, ముందేమున్నది, వెనకేమున్నది అన్నీ చెప్తది. దానికి ఆమె పెట్టిన పేరు “ఎక్కడున్నం” బటన్. పేరు విన్న రోజు నేను బయటికి పోయి బీడీ తాగొచ్చిన. కండ్లల్ల నీళ్ళు కనపడొద్దని. ఆమెకు కనపడవు గద అని ఆ తర్వాత తోచింది.

ఇగ అసలు ముచ్చట. ఆఫీసుకెల్లి పెద్ద మేడం వచ్చి పరీక్ష పెడ్తది అన్నరు. కంప్యూటర్ తెలియని మనిషి కావాలె. తన ఇంట్ల, తన కుర్చీల కూసోని, ఎవరి సాయం లేకుంట, కల్పన పద్ధతిల ఒక పని పూర్తి చెయ్యాలె. పాసైతే ఆ పద్ధతి బ్రౌజర్‌ల పెడ్తరు, కల్పన పర్మనెంట్. ఫెయిలైతే సోమవారం నుంచి రావద్దు. మళ్ళ భువనగిరి, మళ్ళ గా ఈగలు రాని బూత్.

కల్పన నా పేరిచ్చింది. “మా మామకు కంప్యూటర్ అంటే ఏం తెల్వది మేడం, అంతకంటే మంచి మనిషి దొరకడు” అన్నదంట. పొగిడిందో తిట్టిందో నాకిప్పటికి తెల్వదు.

పరీక్ష ఏందంటే, నాచారంల ఒక కేటరింగ్ సైట్ ఉన్నది, ఫంక్షన్లకు కావాల్సినవన్ని దొరుకుతయ్, దాంట్లకెల్లి ఆరు భోజనాలు తెప్పించాలె. ఆరెందుకంటే నేను, మా ఇంటామె సుశీల, కల్పన, మేడం, మేడం డ్రైవరు, ఆరో మనిషి నర్సవ్వ. నర్సవ్వను పిలవకపోతే కిటికీలకెల్లి తొంగి చూస్తది, పిలిస్తే మర్యాదగ పన్నెండున్నరకు వస్తది అని సుశీల హిసాబ్. పిలిచినా తొంగి చూస్తదని మాకేం తెలుసు?

వారం రోజులు ప్రాక్టీసు. కల్పన ఆ సైట్‌ది ఒక నకలు పేజీ నా కోసం చేసి పెట్టింది. చెప్పింది ఒక్కటే మాట.

“మామా, లెక్క పెట్టకు. విను. అనుమానమొస్తే ఎక్కడున్నం బటన్ కొట్టు.”

“నాకా అనుమానం?” అన్న. “ముప్పై ఏండ్లు వెనక డోరు కాడ నిలబడి, బయటికి చూడకుంట స్టాపు చెప్పినోన్ని!”

గదే నన్ను ముంచింది. ఆ మిషిన్ గొంతు విననీకె నాకు చిరాకు. ముక్కుతోని మాట్లాడే తెల్లదొర లెక్క ఉంటది, అదీ ఆగకుంట. రెండు రోజులు విన్న. మూడోనాడు దొంగదారి దొరికింది. మొదటికెల్లి ట్యాబ్ తొమ్మిదిసార్లు కొడితే మీల్స్. ఎంటర్. ఆరు అంకె. మళ్ళ ఎంటర్. అయిపాయె! పేరు, అడ్రసు కల్పన ముందుగాలనే రాసి పెట్టింది. నేను ఒక్కో ట్యాబ్‌కు ఒక్కో స్టాపు పేరు పెట్టుకున్న. ఉప్పల్‌ల ఎక్కి సికింద్రాబాద్ దిక్కు పోతుంటే ఎనిమిదోది ఆలుగడ్డబావి, తొమ్మిదోది చిలకలగూడ. చిలకలగూడల దిగితే భోజనం! మిషిన్ మాటలు వింటే లెక్క తప్పుతదని ఇయర్‌ఫోన్ జర చెవి వెనక్కి జరిపేటోన్ని. కల్పనకు కనపడదు. సుశీలకు కనపడ్డది గని, గది గూడ పద్ధతిల భాగమేమో అనుకున్నది.

శనివారం పదకొండింటికి మేడం వచ్చింది. పేరు ప్రసూన. గుంటూరు సైడ్ మాట, సన్న అంచు కాటన్ చీర, చేతిల నోట్‌బుక్కు, మొఖం మీద నవ్వు లేదు. మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డంత తవ్వి పెట్టిన్రు గద, గంటన్నర పట్టిందంట ఆమెకు. ఆకలి మీదున్న ఇన్‌స్పెక్టర్ బస్సెక్కినట్టు అనిపించింది నాకు.

“కంప్యూటర్‌కి స్క్రీన్ లేదేమిటండీ?” అన్నది రాంగనే.

“నాకెందుకు మేడం స్క్రీను? కరెంటు దండగ” అన్నది కల్పన.

మేడం మొదటిసారి జర నవ్వింది. మళ్ళ వెంటనే బంద్ చేసింది. “సరే. అందరూ సెల్ ఫోన్లు ఆపెయ్యండి. ఎవరూ మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. యాదగిరి గారూ, మీ కళ్ళకి గంతలు కడతాం.”

“తెరనే లేదు గద మేడం, కండ్లకు గంతలెందుకు?”

“కీబోర్డు చూసేస్తారని.”

సుశీల నా పెద్ద తువ్వాల తెచ్చి రెండు చుట్లు చుట్టి ముడేసింది. నుదుటికెల్లి ముక్కు దాక ఒక్కటే తెలుపు. గట్ల కుర్చీల వెనక్కి వాలి కూసున్న. సుశీలకు నవ్వాగుతలేదంట, కొంగు నోట్ల కుక్కుకొని వంటింటి గడప కాడ నిలబడ్డది. కల్పన తల వంచి రెండు చేతులు జోడించి కూసున్నది. ఇదంత కిటికీ బయటికెల్లి చూసేటోళ్ళకు ఎట్ల కొడ్తదో జర మనసుల పెట్టుకోన్రి. పనికొస్తది.

“ఇంకో మాట” అన్నది మేడం. “నకలు పేజీ వద్దు. అసలు సైట్ తెరవండి. నిజంగా భోజనం రావాలి. వచ్చిందా, పాస్.”

కల్పన “సరే మేడం” అని అసలు సైట్ తెరిచి, నా పేరు, అడ్రసు, ఫోన్ నంబరు దాంట్ల గూడ రాసిపెట్టింది. నాకేం ఫికర్ లేదు. రోడ్డు అదే గద!

షురూ చేసిన. టక్, టక్, టక్. హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ... ఆలుగడ్డబావి... చిలకలగూడ! ఎంటర్. ఆరు. ఎంటర్. ఒక నిమిషం గూడ పట్టలేదు. కుర్చీల జర ఛాతి ఇరుసుకొని కూసున్న.

“ఇంత త్వరగానా?” అన్నది మేడం. పెన్ను కాగితం మీద ఉరుకుతున్నది, చప్పుడు వినపడ్డది. మంచిగనే రాస్తున్నట్టు అనిపించింది.

“భోజనం వచ్చేదాకా గంతలు తీయకండి. ఈలోగా రెండో పని. ఏదైనా న్యూస్ సైట్‌లో అయిదు హెడింగులు చదివి, తర్వాత నాకు చెప్పాలి.”

ఇది ఎక్స్‌ప్రెస్ బస్సు పని. దీనికి లెక్క కుదరదు, వినాల్సిందే. ఇయర్‌ఫోన్ ఒక చెవుల మంచిగ పెట్టుకొని హెచ్ కొట్టుకుంట కూసున్న. వినంగ వినంగ ఆ తెల్లదొర మాట జర జర తెలుస్తనే ఉన్నది. ఒక్కొక్కటి పదిసార్లు వినుకుంట, గంటకు మూడు హెడింగులైనయ్. ఇంతల బయట ధన్ ధన్ అని ఇనుప చప్పుడు. మెట్రోవాళ్ళు మా గల్లీల దాక వచ్చిన్రా ఏందీ అనుకున్న.

అప్పుడు కల్పన మెల్లగ అన్నది. “అత్తా, మబ్బు పట్టిందా? మొఖం మీద ఎండ పోయింది.”

“ష్!” అన్నది మేడం. ఆమె కిటికీకి వీపు పెట్టి నన్నే చూసుకుంట రాస్తున్నది. సుశీల కొంగు తియ్యాల్నంటే నవ్వు బయటపడ్తది, తియ్యలేదు.

నిజమే, ఎండ పోయింది. ఇల్లంత చల్లబడ్డది. నాలుగో హెడింగు మధ్యల ఉన్న, గప్పుడు పడ్డది ఆ కేక.

“అయ్యయ్యో... యాదన్న పోయిండే!”

ఎనకకెల్లి ఇంకో పది గొంతులు. “ఎప్పుడు? ఎట్ల? పొద్దుగాల పాలు తెచ్చుకుంటుంటే చూస్తిమి గద!” ఒకడు “గుండెనా?” అంటడు. ఇంకొకడు “డిపోల చెప్పిన్రా?” అంటడు. చెప్పులు విడిచే చప్పుడు, గేటు చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు. నేను లేవాల్నా వద్దా? లేస్తే పరీక్ష ఫెయిల్. లేవకపోతే అర్ధగంటల పాడె కడ్తరు!

లేవలేదు. నిజంగ చెప్తున్న, కల్పన మొఖం యాదికొచ్చి లేవలేదు. ఐదో హెడింగు కోసం హెచ్ కొట్టిన.

తలుపు తోసుకొని నర్సవ్వ లోపటికి ఉరికొచ్చింది. నా కాళ్ళ మీద పడ్డది. “ఓ యాదన్నా! నిన్ననే గద నన్ను గయ్యాళి అంటివి! ఇప్పుడు నేనెవని తోటి కొట్లాడాలె!”

“అయిదోది గూడ అయింది మేడం, లేవొచ్చా?” అన్న నేను.

నర్సవ్వ కాళ్ళిడిచి గోడ దాక ఎగిరింది. నేను తువ్వాల గుంజేసి చూస్తే, తలుపు కాడ మా గల్లీ సగం. ముందు వరుసల పిండి చక్కీ ఎంకటన్న బంతిపూల దండ పట్టుకొని నిలబడ్డడు. వాని మొఖంల ఏడుపు గడ్డకట్టింది.

“అన్నా... నువ్వు పోలేదా?”

“ఇంకా లేదు.”

“మరి ఈ దండ?”

“పట్టుకో. ఎక్కడికి పోతది.”

బయటికొచ్చి తలెత్తి చూసిన. ఆకాశం లేదు! మా గేటు కాడికెల్లి గల్లీ మూల దాక ఎర్రది, పచ్చది, నీలిది షామియానాలు. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు. మేడం కారు ఒక షామియానా కింద ఇరుక్కున్నది, దాంట్ల డ్రైవరు తలకాయ బయట పెట్టి అటిటు చూస్తున్నడు. కుర్చీలు దింపుతున్నరు.

టెంట్ హౌస్ ఖాజా భాయ్ నా దగ్గరికి వచ్చిండు. నన్ను కిందికెల్లి పైదాక చూసిండు. “భాయ్, యాదగిరి సాబ్ మీరేనా? కంప్యూటర్ల ఆర్డర్ వచ్చింది. ఆరు షామియానాలు, ఈరోజే కావాలె అని. రాత్‌కు కాదు, అభీ, ఇప్పుడే. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఇంట్ల మనిషి పోతేనే గద ఇంత అర్జెంట్‌ల టెంటు కావాల్సింది, ఫోన్ గూడ బంద్ పెట్టేది. గట్ల సమజ్ చేసుకొని ఉన్నవన్ని తెచ్చిన. ఈ పక్కింటి అమ్మ నన్ను అడిగింది ఎవరికి ఏమైందని. యాదగిరి సాబ్ పేరు మీద ఉంది అమ్మా అన్న. అంతే, ఈమె కిటికీలకెల్లి చూసింది, గల్లీ మూల దాక ఉరికి షురూ చేసింది.”

“మరి చూస్తే ఏమున్నది!” అన్నది నర్సవ్వ ఆయాసపడుకుంట. “మొఖానికి తెల్లబట్ట. సుశీల కొంగు నోట్ల పెట్టుకొని వణుకుతున్నది. పిల్ల దండం పెట్టుకున్నది. తెల్వని ఆడమనిషి ఏదో రాసుకుంటున్నది, డాక్టరమ్మ అనుకున్న!”

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. రెండు క్షణాలే. ఎందుకంటే వెనక్కి తిరిగి చూస్తే కల్పన నవ్వుతలేదు. తలుపు పట్టుకొని నిలబడ్డది.

“భోజనాలు రావు. అంతే గద మేడం?” అన్నది.

మేడం నోట్‌బుక్ మూసింది. ఆ చప్పుడు నాకు బస్సు డోరు మూసినట్టు వినపడ్డది. “భోజనానికి బదులు షామియానాలు వచ్చాయి కల్పనా. చూపు లేని మనిషి ఒక్కరే ఇంట్లో ఉండి ఈ ఆర్డర్ ఇచ్చి ఉంటే? ఇది మామూలు పొరపాటు కాదు.”

“మామా.” కల్పన నా దిక్కు తిరిగింది. “ఎంటర్ కొట్టేముందు ఎక్కడున్నం బటన్ కొట్టినవా?”

గల్లీ అంత నా దిక్కే చూస్తున్నది. కొట్టలేదంటే నేను వారం సంది దొంగాట ఆడినట్టు. కొట్టిన అంటే ఆమె బటన్ పనికిరానట్టు. ఏం చెయ్యాలె? పెద్దమనిషిని గద, ఇజ్జత్ ముందుకొచ్చింది.

“కొట్టిన బిడ్డా” అన్న.

ఆ మాట అన్నంక ఆమె మొఖం చూసిన. ఇగ జీవితంల గసువంటి మొఖం చూడొద్దు. ఏడ్వలేదు. ఉత్తగ తలూపింది. “అయితే తప్పు నాదే మేడం. బటన్ తప్పు చెప్పినట్టున్నది.”

ఇంతల మేడం అన్నది. “పరీక్షలో కొట్టిన ప్రతి కీ రికార్డు అవుతుందన్నావుగా? వినిపించు.”

రికార్డా? నాకెవరు చెప్పిన్రు రికార్డని?

కల్పన పోయి ఇయర్‌ఫోన్ తీగ గుంజేసింది. గొంతు పెద్ద స్పీకర్ల పడ్డది. షామియానాల కింద గల్లీ అంత మోగింది ఆ తెల్లదొర గొంతు. “ట్యాబ్. ట్యాబ్. ట్యాబ్. ట్యాబ్...” తొమ్మిదిసార్లు! ఒక్కో ట్యాబ్‌కు నేను జర జర కిందికి కుంగుతున్న. “ఎంటర్. సిక్స్. ఎంటర్.” అంతే. ఎఫ్ టూ అన్న మాట లేదు.

“లేదు” అన్నది నర్సవ్వ, ఆమెకే ఏదో తెలిసినట్టు. “ఆ బటన్ ఈయన కొట్టలేదు.”

ఇగ దాచి ఏం లాభం? “మేడం, నేను విననే లేదు” అన్న. “ఇయర్‌ఫోన్ వెనక్కి జరిపిన. తొమ్మిది లెక్క పెట్టుకున్న, స్టాపుల లెక్క. చిలకలగూడ అనుకొని దిగిన. ఆలుగడ్డబావిల పడ్డ. పిల్ల తప్పు ఏం లేదు. నన్ను ఏమన్న అనున్రి, ఆమె నౌకరి తియ్యకున్రి.”

“కానీ లెక్క ఎందుకు తప్పింది?” అన్నది మేడం.

కల్పన అప్పటికే కీబోర్డు మీద చేతులు పెట్టింది. హెచ్, ట్యాబ్, ఎఫ్ టూ. “పైన కొత్త లింకు పెట్టిన్రు మేడం, శ్రావణమాసం ఆఫర్ అని. నకలు పేజీల లేదు. అన్నీ ఒక్కటి కిందికి జరిగినయ్. మామకు మీల్స్ బదులు దాని ముందటి టెంట్ హౌస్ లింకు తగిలింది.”

“మధ్యల కొత్త స్టాపు పెట్టి, కండక్టర్‌కు చెప్పకపోతే ఎట్లనయ్యా!” అన్న ఖాజా భాయ్ దిక్కు చూసి. అతను చేతులు జోడించిండు.

కల్పన మేడం దిక్కు తిరిగింది. “మేడం, ఒక మాట. తొందరల నేను గూడ లెక్క పెడ్త. మా దోస్తులందరు పెడ్తరు. అలవాటైన పేజీల ఎవరు వింటరు? లెక్క పెట్టేటోడు ఎక్కడున్నం అని అడగడు, తనకు తెలుసనుకుంటడు. అడిగినోళ్ళకే చెప్పే బటన్ పెట్టిన, అది నా తప్పు. ఆర్డర్ పోయే ముందు అడగకున్నా చెప్పి ఆగాలె. నాకు అర్ధగంట ఇయ్యున్రి. పరీక్ష మళ్ళ పెట్టున్రి.”

“ఎవరితో?”

“మామ తోనే.”

“నేనొద్దు బిడ్డా!” అన్న.

మేడం గడియారం చూసింది, గల్లీ చూసింది, నన్ను చూసింది. “సరే. ఈయన కంటే మొండి మనిషి నాకు దొరకడు. ఈయన దగ్గర పాసైతే ఎక్కడైనా పాసే.”

ఆ అర్ధగంట ఎట్ల గడిచిందో. కల్పన వేళ్ళు కీబోర్డు మీద ఉరుకుతున్నయ్. ఖాజా భాయ్ మనుషులు కుర్చీలు దింపుడు ఆపిన్రు. దుఃఖానికి వచ్చినోళ్ళు పోతలేరు, ఉన్న కుర్చీలల్ల కూసున్నరు. ఎంకటన్న ఇంకా దండ పట్టుకునే ఉన్నడు. సుశీల నా పక్కకొచ్చి మెల్లగ అన్నది. “ఈసారి చెవులు చెవుల కాడ ఉంచు.”

మళ్ళ తువ్వాల. ఈసారి ఇయర్‌ఫోన్ లేదు, స్పీకరే. కిటికీ నిండ జనం. మేడం ఒక్కసారి చూసింది, అందరు నోళ్ళు మూసుకున్నరు. నర్సవ్వ గూడ!

షురూ చేసిన. మీకు చెప్పనీకె సిగ్గు గని, వేళ్ళకు అలవాటైపాయె. లెక్క దానంతట అదే నడుస్తున్నది. తొమ్మిది. ఎంటర్. ఆరు. ఎంటర్.

కిటికీ కాడ ఎవరివో గాజులు గలగలమన్నయ్.

“సిక్స్ షామియానాస్. ఓకే?” అన్నది మిషిన్. అని ఆగింది. బస్సు కదలకుంట ఆగినట్టు ఆగింది.

నా చెయ్యి గాలిల ఉన్నది. మళ్ళ ఆలుగడ్డబావి! చెమట తువ్వాలలకు దిగుతున్నది. ఒక చిటికెన వేలు దూరంల ఇంకో ఆరు షామియానాలు! చెయ్యి ఎనక్కి తీసిన. పైకి తడిమి ఎఫ్ టూ కొట్టిన. జిందగీల మొదటిసారి నేను అడిగిన, ఎక్కడున్నం అని.

టెంట్ హౌస్ పేజీల ఉన్నవ్ అన్నది. ఎనక్కి పోయిన. ఒక ట్యాబ్ కొట్టి విన్న. “మీల్స్.” మళ్ళ ఎఫ్ టూ. “మీల్స్.” ఎంటర్.

ఎన్ని అని అడుగుతున్నది. ఆరు అని కొట్టబోయి ఆగిన. కిటికీ కాడ జనం ఊపిరి వినపడ్తున్నది. నా చావుకు వచ్చి పస్తులుండి పోతరా? నాలుగు, సున్న. ఎంటర్.

“ఫార్టీ మీల్స్. ఓకే?” అన్నది మిషిన్.

నేను కొట్టకముందే గల్లీ అంత ఒక్క గొంతుతోని “ఓకే!” అని అరిచింది.

మేడం “నిశ్శబ్దం!” అన్నది గని, ఆమె గొంతుల గూడ నవ్వు ఉన్నది. ఎంటర్ కొట్టిన.

ఇగ ఎదురుచూపు. మీకు చెప్త, డ్యూటీల ఇన్‌స్పెక్టర్ చెకింగ్ కోసం గూడ గంత భయపడలేదు. ఆటోల చప్పుడైతే చాలు అందరి తలకాయలు తిరుగుతున్నయ్. పాల ఆటో, ఇసుక ఆటో, స్కూలు ఆటో. కల్పన నా చెయ్యి పట్టుకొని కూసున్నది. అబద్ధమాడిన సంగతి ఆమె ఎత్తలేదు. నేనే అన్న, “బిడ్డా, ఇందాక...” అని. “స్టాపు రానీ మామా, తర్వాత” అన్నది.

రెండున్నరకు మూల మీద వ్యాన్ తిరిగింది. ముందుగాల వాసన వచ్చింది. కల్పన అందరికంటే ముందు లేచి నిలబడ్డది. “బగార అన్నం!” అన్నది.

మేడం నోట్‌బుక్ తెరిచి ఒక్క ముక్క రాసింది. “సోమవారం వచ్చి పర్మనెంట్ కాగితాల మీద వేలిముద్ర... కాదు, సంతకం పెట్టు. నువ్వు సంతకం పెడతావుగా?”

“మూడు భాషలల్ల పెడ్త మేడం” అన్నది మా కల్పన.

సుశీల ఇగ కొంగు అడ్డం పెట్టుకోలేదు, కండ్ల నీళ్ళు తుడుచుకున్నది. ఎంకటన్న ఆ దండ ఏం చెయ్యాల్నో తెల్వక షామియానా గుంజకు ఏలాడదీసిండు. గల్లీ అంత బంతులేసి కూసున్నది. ఖాజా భాయ్, ఆయన మనుషులు, మేడం డ్రైవరు, కారు గూడ షామియానా కిందనే. మేడం నాకు ఎదురుంగ కుర్చీల కూసోని పప్పుచారు అడిగి పోయించుకున్నది. ఆమె కాగితాలల్ల నా పేరు ఉండదంట, “మొదటి వాడుకరి” అని ఉంటదంట. ఎవరూ లెక్క పెట్టి మోసపోవద్దని నా కథ అందరికి చెప్తరంట.

కల్పన నా పక్కనే కూసున్నది. మొదటి ముద్ద నోట్ల పెట్టుకునేముందు అడిగింది.

“మామా, ఎక్కడున్నం?”

“భోజనాల కాడ బిడ్డా” అన్న, గల్లీ అంత వినపడేటట్టు.

నర్సవ్వ గరిటె పట్టుకొని వచ్చి, నా విస్తరిల అడక్కుంటనే రెండోసారి బగార అన్నం కుమ్మరించింది. “తిను యాదన్నా, కడుపునిండ తిను. టెంటు కింద కూసోని, ఏడ్చేటోళ్ళందరి నడుమ, తన దినాల భోజనం తానే తిన్నోన్ని ఇప్పటిదాక నేను చూడలే!”

నేనేమంటా? మంచిగున్నది భోజనం. ఇంకో గరిటె వెయ్యమన్న.